మాబెల్ అక్క వద్దన్న వంకాయ

నాంపల్లి స్టేషన్ రోడ్డులోని కిరాణా దుకాణంలో పొద్దుటి పూట ఒక ఆమె కనబడుతుంది. నూనె ప్యాకెట్టును వెనక్కి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చిన్న అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతూ ఉంటుంది. ఎంత రద్దీగా ఉన్నా సేటు ఆమెను తొందరపెట్టడు. "చదువుకోమ్మా, తొందరేం లేదు" అని పక్క గిరాకీకి పప్పు తూచి ఇస్తాడు. ఆ ఓపికకు దేవుడు ఆయనను చల్లగా చూడాలి.

ఆమె మా మాబెల్ అక్క. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్మేవాళ్లం.

అక్కది మెదక్ పక్కన పల్లె. తండ్రి మిషన్ బడిలో గంట కొట్టేవాడు. ఆ బడిలోనే ఆమె పదో తరగతి దాకా చదివింది. మైకేల్ అన్నను పెళ్లాడి నాంపల్లి వచ్చింది. పిల్లలు కలగలేదు. ఆమె సుల్తాన్ బజార్‌లో ఒక దుకాణంలో చీరలకు ఫాల్ కుడుతుంది. అన్న పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. ఆదివారం మొదటి ఆరాధన ముగియగానే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు పెట్టుకునేవాడు.

"దేవుని దినాన దుకాణమేందండీ" అని అక్క గునిసేది.

"దుకాణం కాదు మాబెల్. చదువుకునేటోళ్లకు సేవ."

"సేవ చేసొచ్చేటోళ్ల చేతుల పకోడీల పొట్లం ఎందుకుంటదో."

పొట్లం నిజమే. మైకేల్ అన్నకు తిండంటే ప్రాణం. ఒక్కడూ తినే అలవాటు లేదు. సాయంత్రం ఆ పొట్లం విప్పితే సగం మా ఇంటికి వచ్చేది. కాగితం నూనెతో తడిసి, అచ్చు అక్షరాలు అటు నుంచి ఇటు కనబడేవి.

అక్క తమ్ముడు ఆనంద్ పాల్ ఊళ్లో వ్యవసాయం చేస్తాడు. కొత్త రకం పత్తి విత్తనం వచ్చిన రోజుల్లో అతనూ వేశాడు. పత్తి ఏరడం అయిపోయాక చేలో మేకలను వదిలితే, కొన్ని మేకలు కడుపుబ్బి చచ్చిపోయాయి. పశువుల డాక్టరు పురుగుమందు వల్ల కావచ్చన్నాడు. ఊళ్లోవాళ్లు విత్తనం వల్లనే అన్నారు. ఏది నిజమో తేలలేదు. ఆ సమయానికి అక్క పుట్టింట్లో ఉంది. తన చేత్తో ఆకు మేపిన మేకపిల్ల తన కళ్ల ముందే కాళ్లు కొట్టుకోవడం చూసింది. అయినా పట్నం వచ్చాక తన పనిలో తాను పడిపోయింది. అన్న తెచ్చిన పకోడీలు తానూ తిన్నది.

పోయినేడు వానలు వెనకబట్టాక అన్నకు ఆకలి మందగించింది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుందనేవాడు. పెద్ద దవాఖానలో కడుపులో క్యాన్సర్ అన్నారు. పాకిపోయింది, కోసి తీసేది లేదు, మందులతో చూద్దామన్నారు. ఆ మాట విని వచ్చిన రోజు ఇద్దరూ మా గడపలో కూర్చున్నారు. నేను చాయ పెట్టి ఇస్తే, అన్నే ముందు "చక్కెర బాగుంది చెల్లె" అన్నాడు. నేనేం మాట్లాడాలో తెలియక ఇబ్బంది పడుతున్నానని, నా కోసమే ఆయన ఆ మాట అన్నాడు.

కొన్నాళ్లకు, అక్క పనిచేసే దుకాణంలో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పెట్టారట. పురుగును చంపే గుణాన్ని విత్తనంలోనే పెడుతున్నారని, అలాంటి పంట తిన్నవాళ్లకు కడుపులో గడ్డలు వస్తున్నాయని అందులో ఎవరో చెప్పారు. అక్క చేతిలో సూది అట్లాగే ఆగిపోయిందట. ఇంటికి వచ్చి వంటింట్లో నూనె ప్యాకెట్టు తిప్పి చూసింది. రెండు మూడు రకాలు కలిపిన నూనె అది. అందులో ఒకటి పత్తిగింజల నూనె.

నేను వెళ్లేసరికి ప్యాకెట్టు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"మేక చచ్చింది చూసిన. చూసి గూడ ఇన్నేండ్లు గదే నూనె పోసిన," అంది.

"ఎవరో ఫోన్ల చెప్పింది పట్టుకొని నీ మీద వేసుకుంటవా అక్కా? డాక్టర్లు అట్ల అనలేదు గద."

ఆమె వినలేదు. తన వంటే ఆయనకు జబ్బు తెచ్చిందని, మంచి తిండి పెడితే ఆ జబ్బు వెనక్కి పోతుందని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె బతుకంతా ఆయన పళ్లెం చుట్టే తిరిగింది.

నూనె ప్యాకెట్లు, డాల్డా, బేకరీ బిస్కెట్లు ఇంట్లోంచి పోయాయి. సోయా, తియ్య మొక్కజొన్న పేరెత్తనివ్వలేదు. బర్రెలకు పత్తిగింజల చెక్క పెడతారని గుర్తొచ్చి పాలు మాన్పించింది. పాలతో పాటు పెరుగూ మజ్జిగా పోయాయి. నున్నటి టమాట, మెరిసే వంకాయ, లావుపాటి బొప్పాయి, ఏది చూసినా "విత్తనం మార్చిందే" అనేది. బేగంబజారు దాటి గానుగ దాకా నడిచి నువ్వుల నూనె తెచ్చేది. అదీ చుక్కలు లెక్కపెట్టినట్టు వేసేది. మా ఇంట్లో తుమ్ములు ఆగిపోయాయి.

స్టేషన్ రోడ్డు మూలన ఆకుకూరలు అమ్మే సమ్మక్క ఒక్కతే ఆమెకు నమ్మకం. పురుగు కొట్టిన ఆకైతే అందులో విషం లేనట్టని అక్క లెక్క. ఎవరూ కొనని, చిల్లులు పడ్డ తోటకూరను సమ్మక్క తడిగుడ్డ కింద దాచి ఉంచేది.

"నీ కోసం పురుగులతోటి కొట్లాడి మిగిలిచ్చిన అక్కా," అని నవ్వుతూ సంచిలో వేసేది. తూకం మీద ఇంకో గుప్పెడు కూడా వేసేది.

ఆ ఆకు ఉడకబెట్టి, కొర్ర జావతో అక్క అన్నకు పెట్టేది. ఆయన చెంచా పట్టుకుని జావ వంక చూసి, "నేనున్నది ఇంట్లనా, గోశాలలనా మాబెల్?" అనేవాడు. అని, తాగేవాడు.

మా చర్చి సంఘంలో ఎవరైనా మంచం పడితే ఇంటింటి నుంచి వంతుగా క్యారియర్ వెళ్తుంది. ఎవరూ చెప్పరు, ఎవరి రోజు వాళ్లకు తెలుసు. కోడికూర, పప్పుచారు, పలావు వచ్చేవి. అక్క రెండు చేతులా అందుకుని, ప్రార్థన చేయించుకుని, వాళ్లను గేటు దాకా సాగనంపేది. తర్వాత ఆ క్యారియర్‌ను స్టేషన్ ముందు కూర్చునే ముసలివాళ్లకు పంచి వచ్చేది. అన్నం పారబోయడం ఆమెకు చేతకాదు.

మంచంలోంచి అన్న అడిగేవాడు. "పలావు పోతున్నదా? దానికి టికెట్టు తీసిండ్రా?"

"మీకు పడదండీ. ఏం నూనెనో ఏమో."

"మనకు విషమైంది గా ముసలోళ్లకు అన్నమెట్లయితది?"

"వాళ్ల పానం గట్టిది," అని అక్క కొంగు బిగించుకుని వెళ్లిపోయేది.

ఒకసారి ఆమె లేనప్పుడు నేను అన్న పక్కన కూర్చుని, "నువ్వన్నా గట్టిగా చెప్పొచ్చు కద అన్నా, ఆకలైతున్నదని," అన్నాను.

అప్పటికి ఆయన చేతులు దుప్పటి మీద పుల్లల్లా కనబడుతున్నాయి. "మందులు డాక్టర్లు ఇస్తరు చెల్లె. ప్రార్థన చర్చి అయ్యగారు చేస్తడు. ఆమె చేతుల తిండి ఒక్కటే ఉన్నది. గది గూడ గుంజుకుంటనా?" అన్నాడు.

ఆ ఏడు కోత పండుగ వచ్చింది. పల్లెల్లో అయితే కోత కాగానే తొలి పంట దేవుని సన్నిధికి తెస్తారు. పట్నంలోనూ ఆ ఆచారం విడువలేదు. గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు పీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక ఆవరణలో హర్రాజు పెట్టి వేలం పాడతారు. వచ్చిన డబ్బు సంఘానికి పోతుంది. ఆ రోజు ఒక వెదురు గంపలో వంకాయలున్నాయి. చిన్నవి, ఊదా చారలవి, తొడిమెలకు ముళ్లున్నవి. అక్క చూపు దాని మీదనే ఆగిపోయింది. మెదక్ వైపు సంఘాలవాళ్లు తమ చేలల్లోంచి తెచ్చారనుకుంది.

ఆమె పాటకు దిగింది. డెన్నిస్ అనే ఆటో నడిపే అతను సరదాకు మీద మీద పాడాడు. అక్క ఆగలేదు. అతను నవ్వుతూ ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "అక్కకే ఇయ్యుండ్రి," అని పక్కకు తప్పుకున్నాడు. తన ఆటోలోనే ఆ గంపను, అక్కను ఇంట్లో దింపి, కిరాయి అడగకుండా పోయాడు.

ఆ పూట గోడ అవతల పోపు చిటపటలాడింది. మేం తుమ్మాం. నువ్వులు వేయించి నూరి, చింతపండు పిసికి, కాయలు నాలుగు పక్షాలుగా చీల్చి కూరింది. కొంచెం సేపటికి మా తలుపు దగ్గరికి పరుగున వచ్చింది.

"తిన్నడు," అంది. ముఖమంతా చెమట. "ఇంక జర ఉన్నదా అని అడిగి పెట్టిచ్చుకున్నడు."

ఆమెను అలా చూసి ఎన్నాళ్లయిందో. నేను మనసులో దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మరుసటి ఆదివారం చర్చి మెట్ల దగ్గర అక్క యూనీస్‌ను ఆపింది. కోత పండుగకు కానుకలన్నీ సర్దేది యూనీసే. "ఆ వంకాయలు ఏ ఊరి సంఘానివమ్మా? విత్తనం అడిగి తెచ్చుకుంట," అంది.

యూనీస్ నవ్వు మనిషి. "ఏ ఊరు అక్కా? అవి మావే. మాకు చేనుందా చెలకుందా? మేముండేది మూడో అంతస్తుల. మెహదీపట్నం రైతుబజారుల కొన్నం. ఈ యేడు అందరిదీ గదే పని, గుమ్మడికాయ గూడ బజారుదే," అంది.

పట్నం సంఘాల్లో ఇది అందరికీ తెలిసిందే. పొలం లేనివాళ్లు బజారులో కొని తెచ్చి ఇస్తారు. ఇవ్వాలన్న మనసు చాలు కదా. కానీ గంప చూసి చేను ఊహించుకున్న మాబెల్ అక్కకు ఆ సంగతి ఆ రోజు తట్టలేదు. ఆమె మెట్టు మీదనే కూర్చుండిపోయింది. యూనీస్ కంగారుపడి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఏం తప్పు మాట్లాడానని నన్ను అడిగింది. నేను అక్క చేయి పట్టుకుని లేపాను.

మిగిలిన కాయలను అక్క ఆ రోజే ఎవరికో ఇచ్చేసింది. తర్వాతి రోజుల్లో అన్న ఆ కూర అడిగాడు.

"కాయలు ఒడిసినయ్," అంది.

మళ్లీ అడిగాడు. "సీజన్ కాదండీ," అంది. నాంపల్లి రోడ్డు నిండా బండ్ల మీద వంకాయలు ఉన్నాయి. ఆ సంగతి మంచంలో ఉన్న ఆయనకూ తెలుసు. బండివాళ్ల కేకలు కిటికీలోంచి వినబడుతూనే ఉండేవి. ఆయన మూడోసారి అడగలేదు. జావ కూడా సగమే తాగసాగాడు.

తరువాత దవాఖానకు వెళ్లిన రోజు అక్కకు తోడుగా నేనూ వెళ్లాను. బరువు చూసి డాక్టరు నొసలు ముడిచి, తిండి గురించి చెప్పే వసుమతి మేడమ్ గదికి పంపాడు. అన్నను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్లాం. తలుపు దగ్గర అన్నకు గాలి తగలాలని, వరుసలో ఉన్న ఒకాయన తను నిలుచున్న చోటు మాకిచ్చి ఎండలోకి జరిగాడు.

వసుమతి మేడమ్ వయసులో చిన్నది. కసురుకోలేదు. అక్క ఏమేం పెడుతుందో, ఏమేం మాన్పించిందో మొత్తం విన్నది. ఎందుకని అడిగింది. అక్క పత్తి నుంచి మేకల దాకా, మేకల నుంచి వంకాయ దాకా చెప్పింది.

"అమ్మా, మన దగ్గర రైతులు వేస్తున్న అట్లాంటి పంట పత్తి ఒక్కటే," అంది మేడమ్. "ఆ గింజల నూనె మీకు వద్దనిపిస్తే మానేయండి. ప్యాకెట్టు మీద పేరు ఉంటది, చూసుకుని కొనండి. అందులో తప్పులేదు. బయటి దేశాల నుంచి వచ్చిన డబ్బా తిండి మీద అనుమానం ఉంటే అదీ మానేయండి. కానీ మీరు వద్దన్న వంకాయ వట్టి హైబ్రిడ్. రెండు రకాల మొక్కలను కలిపి తీసిన విత్తనం. అది వేరు, ఇది వేరు. విత్తనంలో మార్పు చేసిన వంకాయకు మన దేశంలో పర్మిషనే ఇవ్వలేదు."

"పత్తి నూనె తోటి ఈయనకు ఈ జబ్బు వచ్చిందా మేడం?"

"అట్లా అని ఎవరూ రుజువు చేయలేదమ్మా. మీ వంట వల్ల వచ్చిందని నేనైతే అనుకోను." ఆమె అన్న వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆయనకు ఏది ఇష్టమైతే అది పెట్టండి. పాలు పెట్టండి, గుడ్డు పెట్టండి. ఒక్క ముద్ద లోపలికి పోతే అదే మందు."

అక్క తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు ఇంటి మలుపులో ఆటో ఆపించి, ఎదురుగా ఉన్న బండి దగ్గరికి పోయి, ఏ విత్తనం, ఏ ఊరు అని అడగకుండా చేతికందిన వంకాయలు కొంగులో పోసుకుని వచ్చింది.

పోపు వేసింది. నేను అన్న వీపు వెనక దిండ్లు సర్దాను. వాసనకు ఆయన కళ్లు తెరిచాడు.

"సీజన్ వచ్చిందా మాబెల్?" అన్నాడు.

అక్క పళ్లెం పట్టుకుని పక్కన కూర్చుంది. మెత్తగా మెదిపి వేలెడంత ముద్ద నోట్లో పెట్టింది. ఆయన నోట్లోనే ఉంచుకున్నాడు. మింగడానికి చూశాడు, గొంతు కదిలింది, లోపలికి పోలేదు. నీళ్లు పట్టించాం. నీళ్లతో సహా బయటికి వచ్చేసింది. అక్క మూతి తుడిచి ఇంకా చిన్న ముద్ద పెట్టింది. అదీ అంతే. మూడోది పెట్టబోతే ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

అక్క పళ్లెం కింద పెట్టి, ఆ చేతి మీద నుదురు ఆనించింది. నేను బయటికి వచ్చి వాకిట్లో నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన నోటికి తడి తప్ప ఏమీ పోలేదు. వారం తిరగకుండానే, పగటి పూట, అయ్యగారు కీర్తన పాడుతుండగా కన్నుమూశాడు. నారాయణగూడ సమాధుల తోటలో పెట్టాం. ఆదివారం ఫుట్‌పాత్ మీద అన్న పక్కన పుస్తకాలు అమ్మేవాళ్లంతా ఆ రోజు పని మానుకుని వచ్చారు. వాళ్లలో కీర్తనలు రానివాళ్లు, వేరే మతం వాళ్లు కూడా చివరిదాకా నిలబడ్డారు.

మాబెల్ అక్క మళ్లీ సుల్తాన్ బజార్ పనికి వెళ్తోంది. ప్యాకెట్టు తిప్పి చదవడం మానలేదు. పత్తిగింజల నూనె ఇంటికి తేదు. "నాకు వద్దనిపించింది నాకే వద్దు," అంటుంది. ఎవరినీ వద్దనదు. పెరుగు తింటుంది, క్యారియర్ వస్తే తింటుంది. వంకాయ మాత్రం వండదు. భయంతో కాదని నాకు తెలుసు. పెళ్లి విందులో ఎవరైనా వడ్డించబోతే, విస్తరి మీద చేయి అడ్డం పెట్టి తల వంచుకుంటుంది.

మొన్న ఇద్దరం గానుగ నుంచి వస్తుంటే సమ్మక్క పిలిచింది. భర్త బిచ్చయ్యకు కాలేయం చెడిందని, కడుపులో నీరు చేరిందని, దవాఖానవాళ్లు ఇంటికి పంపేశారని చెప్పింది.

"నీకు ఏది మంచిదో ఏది చెడుగో ఎరుక అక్కా. ఏమేం మాన్పియ్యాల్నో చెప్పు. గట్లనే చేస్త," అంది.

అక్క సంచి కింద పెట్టి ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమన్న అడుగుతుండా?"

"అడుగుతుండు. కల్లు అడుగుతుండు." సమ్మక్క కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "కల్లు ముట్టొద్దన్నరు డాక్టర్లు."

"అది వద్దు. ఇంకేమడుగుతుండు?"

"చాపల పులుసు."

"చాపలు గూడ వద్దన్నరా?"

"వద్దనలే. ఉప్పు జర తక్కువెయ్యమన్నరు. నాకే బుగులైతున్నది. గా చెరువులల్ల ఏమేం కలుస్తున్నయో. నూనె ఏది మంచిది అక్కా?"

ఏ చేపలు మంచివో, ఏ నీళ్లవి కావో, ఏ నూనె కొనాలో అక్క చెబుతుందని నేననుకున్నాను. ఆమెకు అవన్నీ నోటికి వచ్చు. ఆమె పెదవులు కదిలాయి కూడా. కానీ చెప్పలేదు. సంచిలోంచి అప్పుడే తెచ్చిన నువ్వుల నూనె సీసా తీసి సమ్మక్క ఒళ్లో పెట్టింది.

"ఇది తీస్కపో. ఇది లేకుంటే ఇంట్ల ఏదుంటే గదే. ఇయ్యాల్నే వండు. రేపటికి పెట్టకు."

"ఇయ్యాల ఎట్లయితది? ఇంత ఆకుకూర మిగిలింది."

"నేను కూసుంట. నువ్వు పో."

సమ్మక్క మొదట కదలలేదు. అక్క ఆమె భుజం పట్టి లేపింది. ఆమె వెళ్లాక ఆ గోనెపట్టా మీద తాను కూర్చుని, కొత్తిమీర కట్టల మీద నీళ్లు చల్లింది. స్టేషన్ నుంచి జనం వచ్చి పోతున్నారు. ఎవరో వంగి పాలకూర కట్ట ఎంతని అడిగారు.

"నాకు తెల్వదు బిడ్డా. ఎప్పుడెంతిస్తరో గంతే ఇయ్యి," అంది అక్క, చెంపల మీది తడిని కొంగుతో ఒత్తుకుంటూ. నేను పక్కన కూర్చుని, ఆ డబ్బులు వేసుకోవడానికి మా సంచి తెరిచి పట్టుకున్నాను.